పెరుగుదలకు గల వేళలు

మా పిల్లవాడు ఎదురింటి పిల్లవానికంటె పొట్టిగా నున్నాడేమని విచారపడు తల్లిదండ్రులు ప్రతి వీధిలోను కలరు. ఇద్దరి వయస్సు ఒక్కటే; ఇద్దరు తినునదియు దాదాపు ఒక్కటే. అయినను ఒకడు తాటిచెట్టువలె ఎదుగుచుండగా, రెండవవాడు నిరుటి చొక్కానే తొడుగుకొనుచున్నాడు. ఇందు భయపడవలసిన దెంత, భయపడ నక్కరలేని దెంత? పెరుగుదల యొక్క తీరు తెలిసినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకును.

ఫ్రాన్సు దేశమున మోంబెయార్ అను విద్వాంసుడు 1759లో జన్మించిన తన కుమారుని ఎత్తును 1777 వరకు, సుమారు ఆరు మాసముల కొకసారి, కొలిచి వ్రాసియుంచెను. ఆయన మిత్రుడును, ప్రకృతి శాస్త్రజ్ఞుడును అగు బుఫాన్ ఆ లెక్కలను తన గ్రంథమున ప్రకటించెను. వానిని బట్టి బాలుడు ఏటి కెంత పెరిగెనో గుణించి చూచినచో ఒక విశేషము కనబడును. పెరుగుదల వేగము శైశవమున అత్యధికము. అది క్రమముగా తగ్గి, కౌమారమున మరల ఒకమారు విజృంభించి, పిమ్మట ఆగిపోవును. మనుష్యు లందరి పెరుగుదలయు స్థూలముగా ఇట్టిదే.

పుట్టిన శిశువు సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, 3 కిలోగ్రాముల బరువు ఉండును. ఏడాది నిండునప్పటికి పొడవు 75 సెంటీమీటర్లకు చేరును. బరువు మూడింత లగును. శిశువు తల ఒడలి పొడవులో నాల్గవ వంతు. పెద్దవానికి అది ఎనిమిదవ వంతు మాత్రమే. అనగా తల ముందు పెరుగును, కాళ్లు తరువాత సాగును. రెండేండ్లు నిండునప్పటికి మెదడు పెద్దవారి మెదడు పరిమాణములో సుమారు ఐదింట నాలుగు వంతులకు వచ్చును. కావున గర్భధారణము మొదలు బిడ్డకు రెండవ యేడు నిండువరకు గల సుమారు 1000 దినములు మిక్కిలి విలువైనవి. ఆరు మాసములవరకు తల్లిపాలే చాలును. ఆ పిమ్మట తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నము, నేయి, కూరలు, గ్రుడ్డు అలవాటు చేయవలెను. అప్పటి లోటును తరువాత పూడ్చుట దుష్కరము.

మన వంశమే పొట్టి యని సరిపెట్టుకొనుట కొందరి వాడుక. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశముల శిశువులను కొలిపించి 2006లో ప్రమాణములు ప్రకటించెను. వారిలో ఢిల్లీ శిశువులును కలరు. చక్కని పోషణ, పరిశుభ్రత లభించినచోట అయిదేండ్ల లోపు పిల్లలు అన్ని దేశములందును ఇంచుమించు ఒకే తీరున ఎదుగుదురని అందు తేలినది.

బాల్యమున పెరుగుదల నెమ్మది; ఏటికి 5, 6 సెంటీమీటర్లు. ఆపై కౌమారము వచ్చును. ఆడపిల్లలు సుమారు 12వ యేట, మగపిల్లలు సుమారు 14వ యేట మిక్కిలి వేగముగా ఎదుగుదురు. అయితే ఈ వేళ అందరికి ఒక్కటి కాదు. ఒకరికి రెండేండ్లు ముందు, వేరొకరికి రెండేండ్లు వెనుక రావచ్చును. ఎదురింటి బాలునికి వచ్చిన వేళ మన బాలునికి ఇంకను రాలేదేమో! అందుచేత బిడ్డను పరులతో గాక, వాని నిరుటి కొలతతో పోల్చి చూడుడు. ఆరు మాసముల కొకసారి గోడకు నిలిపి గీత గీసిన చాలును. బాల్యమున ఏటికి 4 సెంటీమీటర్లకు తక్కువ పెరిగినచో వైద్యుని సంప్రదింపవలెను.

ఎముకల చివరలనుండు మృదువైన పొర గట్టిపడిపోయిన పిమ్మట ఎత్తు పెరుగుట ఉండదు. ఆ లోపుననే శరీరమునకు కావలసినది అందవలెను. అట్టి వయస్సుననే మన ఇండ్లలో కొన్నింట ఆడపిల్ల అందరి తరువాత, మిగిలినది తినుచున్నది. ఋతుస్రావమువలన ఆమెకు ఇనుము అధికముగా అవసరము. ఆకుకూర, పప్పు, గ్రుడ్డు, మాంసము ముందుగా ఆమె కంచములో పడవలెను. తన ఎదుగుదలయే ముగియని బాలిక తల్లియైనచో ఇద్దరికిని హాని. ఆడపిల్లకు కనీస వివాహ వయస్సును 1978లో 18 ఏండ్లకు పెంచిన చట్టము ఈ దృష్టితో చూచినను సమంజసమే.

ఎత్తు ఆగినను ఎముకలు సుమారు 30వ యేటివరకు దిట్టపడుచునే యుండును. ఆ పిమ్మట ఎముకయు కండయు మెల్లగా తరుగును. అయినను తరుగుటను తగ్గించు ఉపాయము కలదు. సుమారు 90 ఏండ్ల వృద్ధులచే ఎనిమిది వారములు కాళ్లతో బరువు లెత్తించి చూడగా వారి కాళ్ల బలము ఎంతయో పెరిగినట్లు 1990లో అమెరికాలో ప్రకటింపబడినది. కావున ఇంటిలోని తాతగారిని మంచమునకు పరిమితము చేయక, వైద్యుని సలహాతో నడిపింపుడు. మనుమని ఎత్తు గుర్తించు గోడ ప్రక్కనే ఆయన నడకకును ఒక వేళ ఏర్పరచుడు.