ఇంటిలోపలి రంగు ఏల త్వరగా ఆరదు?

శ్రావణమాసములో గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించుకొన్న ఇండ్లలో ఒక దృశ్యము తరచుగా కనబడును. ముహూర్తము మూడు దినములలో పడినది. వెలుపల ముసురు విడువదు. లోపలి గదిలో నిన్న ఉదయము వేసిన నూనెరంగు నేటికిని వ్రేలికి అంటుచున్నది. ఇంటి యజమాని రంగుల మేస్త్రీపై కోపగించును; మేస్త్రీ డబ్బాను నిందించును; డబ్బా అమ్మిన దుకాణదారుడు వానను నిందించును. ముగ్గురిలో దుకాణదారుని మాటయే సత్యమునకు కొంత దగ్గరగా ఉన్నది. అంతలో పెద్దలలో ఒకరు, తలుపులు మూసి గదిలో నిప్పుల కుంపటి పెట్టిన తెల్లవారుసరికి ఆరిపోవునని సలహా చెప్పుదురు. మంచి మనస్సుతో చెప్పిన సలహాయే. కాని ప్రాణాంతకమైన సలహా. అది ఏల ప్రాణాంతకమో గ్రహించుటకు ముందు రంగు ఎట్లు ఆరునో తెలిసికొనవలెను.

"ఆరుట" అను ఒక్క మాటతో మనము మూడు వేర్వేరు పనులను చెప్పుచున్నాము. వెల్లవేసిన గోడ ఆరునపుడు అందలి సున్నము గాలిలోని బొగ్గుపులుసు గాలిని గ్రహించి మరల సున్నపురాయిగా మారును. ఈ మార్పునకు కొంత తడి అవసరము. అందుచేతనే అనుభవము గల మేస్త్రీలు వెల్లవేయుటకు ముందు గోడను తడుపుదురు. డిస్టెంపరు, ఎమల్షను మొదలగు నీటిరంగులలో నీరు ఆవిరియైపోగా, మిగిలిన సన్నని రేణువులు ఒకదానినొకటి హత్తుకొని పొరగా ఏర్పడును. నూనెరంగుల తీరు వేరు. దుకాణములలో ఎనామెలు అని అమ్మబడు రంగు మొదట పలుచన చేయుటకు కలిపిన ద్రావకమును విడిచివేయును. పిదప గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టిపడును. గాజుపలకపై అవిసెనూనెను పలుచగా పూసి, దానిని తూచి, ఆరిన పిమ్మట మరల తూచినచో బరువు పెరిగియుండును. తడిబట్ట ఆరిన తేలికయగును. నూనె ఆరిన బరువెక్కును. ఈ భేదమును గ్రహించినవారికి తక్కిన విషయము సులభముగా బోధపడును.

వర్షర్తువులో గాలియే నీటితో నిండియుండును. దండెముమీది బట్టలు ఆరని దినమున గోడమీది నీటిరంగు ఆరునని ఆశించుట వ్యర్థము. ఇంటిలోపల ఎండ లేదు, గాలి కదలదు. గోడనుండి వెలువడిన ఆవిరి గోడ ముందే నిలిచిపోయి, వెనుక వచ్చు ఆవిరికి అడ్డుపడును. నూనెరంగునకు వెలుతురు కూడ తోడ్పడును. చీకటి అలమరలలోను, మెట్లక్రింది గదులలోను వేసిన రంగు వారముల తరబడి జిడ్డుగానే ఉండుటకు ఇదియొక కారణము.

మేస్త్రీల తొందరపాటును కూడ ఇచట చెప్పక తప్పదు. రెండు పలుచని పూతలకు బదులు ఒకే మందపు పూత వేసినచో పైన తెట్టు కట్టి, లోపలి రంగునకు గాలి తగలనీయదు. చవకగా దొరకునని కిరోసినుతో రంగును పలుచన చేయుట మరియొక దురలవాటు. కిరోసిను మెల్లగా ఆవిరియగును గనుక రంగు మెత్తగనే నిలిచిపోవును. అన్నింటికంటె మొండివ్యాధి క్రొత్త గోడలది. సిమెంటు ప్లాస్టరింగు చేసిన గోడ తడితోను, సున్నపు క్షారముతోను నిండియుండును. సబ్బు చేయువారు నూనెను క్షారముతో కలుపుదురు గదా! పచ్చిగోడపై నూనెరంగు వేసినపుడు జరుగునదియు అదియే: రంగు సబ్బువలె మెత్తబడి అంటుచుండును. అట్టి రంగు ఎన్ని దినములు వేచినను ఆరదు, గీకివేయవలసినదే. కావున ప్లాస్టరింగు ముగిసిన పిదప నాలుగు వారములైన ఆగుట మేలు. ముసురు దినములలో అంతకంటె ఎక్కువ.

ఇక ఆరోగ్యమునకు సంబంధించిన మాట. రంగునుండి పోవుచున్నది ఎక్కడికి పోవుచున్నది? గదిలోనికి; గదిలో ఉన్నవారి ఊపిరితిత్తులలోనికి. నూనెరంగుల ద్రావకపు ఆవిరి వలన తలనొప్పి, తలతిరుగుట, వికారము, కండ్లమంట కలుగును. ఉబ్బసము గలవారికి ఆయాసము హెచ్చును. నీటిరంగులలో ఈ బాధ తక్కువయే గాని బొత్తిగా లేకపోలేదు. ముక్కును నమ్మరాదు. పది నిమిషములు గదిలో ఉన్నవానికి వాసన అలవాటుపడి, పోయినదనిపించును. వెలుపలినుండి అప్పుడే వచ్చినవారిని అడిగి తెలిసికొనుట మంచిది. పసిపిల్లలను, గర్భిణీ స్త్రీలను, వృద్ధులను వాసన పూర్తిగా పోవువరకు ఆ గదిలో పరుండబెట్టరాదు.

కుంపటి సంగతి ఇంకను ఘోరము. మూసిన గదిలో బొగ్గులు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తమున చేరి ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. మొదట తల బరువు, నిద్రమత్తు. తరువాత లేచి తలుపు తీయుటకు కూడ శక్తి ఉండదు. పొగ లేదు గనుక భయము లేదని తలచుట పొరపాటు. ఎఱ్ఱగా కణకణలాడు నిప్పులనుండియు ఈ వాయువు వెలువడును. దీనికి తోడు ద్రావకపు ఆవిరి గాలికంటె బరువై నేలమట్టమున వ్యాపించి, నిప్పు తగిలినచో భగ్గుమనవచ్చును. కిరోసిను స్టౌ పెట్టుదమందురా, ఒక లీటరు కిరోసిను కాలినచో సుమారు ఒక లీటరు నీరే ఆవిరిగా గదిలో చేరును! గోడను ఆరబెట్టబోయి గాలిని తడుపుటయే యగును.

త్వరగా ఆరవలెనను కోరికయే మరియొక విషమును మన ఇండ్లలోనికి తెచ్చినది. నూనెరంగు శీఘ్రముగా గట్టిపడుటకు లోహపు లవణములను కలుపుదురు. పూర్వము వానిలో సీసము ముఖ్యమైనది. తెలుపు, పసుపు, ఎఱుపు రంగుల కొరకును సీసమును వాడిరి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో పిల్లలకు కలుగుచున్న సీసపు విషమునకు వరండా కమ్ములకును, గోడలకును వేసిన రంగే కారణమని 1904లోనే లాక్‌హార్ట్ గిబ్సన్ అను వైద్యుడు వ్రాసెను. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశము భవనముల లోపలి పనులలో తెల్లసీసపు వాడుకను నిషేధించు ఒప్పందమును చేసినది. మన దేశములో 2016లో ప్రకటింపబడి 2017 నవంబరునుండి అమలునకు వచ్చిన నియమముల ప్రకారము గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములకు మించరాదు. కాని నియమము పాతగోడలను మార్చలేదు. పాత తలుపుల రంగును పొడిగా గీకినపుడు లేచు ధూళి పిల్లల చేతులనుండి నోటిలోనికి పోయి, ఎదుగుచున్న మెదడును చెరచును. గరకు కాగితమును నీటితో తడిపి రుద్దవలెను. పెచ్చులను తడిబట్టతో ఎత్తవలెను. ఆ సమయమున పిల్లలు ఇంట ఉండరాదు.

రంగు ఆరుటకు మార్గము గాలియే. ఎదురెదురు కిటికీలు తెరచి, ఒకదాని యొద్ద ఫ్యాను వెలుపలికి గాలి తోలునట్లు పెట్టవలెను. జల్లు లోనికి కొట్టునపుడు ఆ వైపు కిటికీని మాత్రము మూయవచ్చును. గోడ తడి తెలియవలెనన్న, జానెడు ప్లాస్టిక్ కాగితమును నాలుగంచులు అంటించి ఒక రాత్రి ఉంచి చూడవలెను. లోపలివైపు చెమర్చినచో గోడ ఇంకను పచ్చిది. పూతకు పూతకు నడుమ డబ్బాపై వ్రాసిన గడువు ఎండదినములకు చెప్పినది. ముసురులో దానిని పొడిగింపవలెను.

ముహూర్తమును మార్చుకొన నక్కరలేదు. పాలు పొంగించుటకును, పూజకును రంగు ముందుగా ముగించిన భాగమును ఏర్పరచుకొనవచ్చును. ఆ రాత్రి ఆ ఇంటనే నిద్ర చేయవలెనను ఆచారము గలవారు వరండాలోనో, ముందుగా ఆరిన గదిలో కిటికీలు తెరచియో పరుండవచ్చును. పచ్చిరంగు గల పడకగది మరికొన్ని దినములు ఖాళీగా ఉండవలెను.

పని ముగిసిన సాయంకాలము మేస్త్రీ విడిచిపోవు నూనెగుడ్డలను ఉండగా చుట్టి మూల పడవేయరాదు. నూనె ప్రాణవాయువును పీల్చునపుడు వేడి పుట్టును. కుప్పలోని వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకయే గుడ్డలు అంటుకొనవచ్చును. వానిని ఆరుబయట ఒక్కొక్కటిగా పరచియైనను, నీటి బకెటులో ముంచియైనను ఉంచవలెను.