పదునైందా?

తొలకరిలో గట్టి వాన పడి వెలిశాక గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో ఒకరినొకరు అడిగే మాట ఒకటే: 'పదునైందా?' ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది ఆ తర్వాతి సంగతి.

నేల దుక్కికీ, విత్తుకూ లొంగే తడిలో ఉండటమే పదును. బురదలో పదును ఉండదు, నెర్రెలిచ్చిన చేలో ఉండదు. దీని జంట మాట అదును. అదును కాలానిది, పదును నేలది. జూలైలో వాన ముఖం చాటేస్తే అదునుండీ పదును లేనట్టే. పత్తికి కాలం దాటాక కురిస్తే పదునుండీ అదును లేనట్టే.

నల్లరేగడిలో ఈ మాటకు బరువెక్కువ. ఆ మట్టిలోని బంకకణాలు తడికి ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. ఎర్రనేల త్వరగా ఆరి దుక్కికి వస్తుంది. రేగడి అంత తొందరగా ఆరదు. ఆగలేక పచ్చి తడిలో ట్రాక్టరు దింపితే నేల అణిగిపోతుంది, లేచిన పెడ్డలు ఎండి రాళ్లవుతాయి. ఆలస్యం చేస్తే గొర్రు దిగదు. వర్షాధారపు పత్తికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే గింజ పెట్టమని శాస్త్రవేత్తలు చెప్పేదీ పదును కోసమే. పైపై జల్లుకు విత్తితే గింజ ఉబ్బి, మొలక రాకముందే తడారిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. కౌలు రైతుకు అది మోయలేని దెబ్బ.

మట్టి ఎంత తడిలో ముద్దవుతుందో, ఎప్పుడు విరుగుతుందో 1911లో స్వీడన్ శాస్త్రవేత్త ఆటర్‌బర్గ్ కొలతల్లో పెట్టాడు. మన రైతుకు పిడికిలే కొలత. నాలుగైదు అంగుళాల లోతు మట్టి తీసి ముద్ద చేసి కింద వదిలితే పొడిగా విడిపోవాలి. చేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి.

వచ్చిన పదునును నిలుపుకోవడం మరో పని. పైరు వరుసల మధ్య గుంటక తోలితే కలుపు పోవడమే కాదు, పైమట్టి పొడిపొడిగా మారి నెర్రెలు పూడుతాయి, లోపలి తడి త్వరగా ఆరదు. వానకూ వానకూ ఎడం పెరిగినప్పుడు పత్తిని బతికించేది ఈ సేద్యమే.

మేడమీద కుండీల్లో మిరప మొక్కలు పెంచేవారికీ ఇదే లెక్క. పైమట్టి ఎండిందని రోజూ నీళ్లు గుమ్మరించకండి. వేలు లోపలికి దించి చూడండి. తడి తగిలితే ఆ పూటకు నీళ్లు మానేయండి.