పొసగని నేస్తములు

అమెరికా పశ్చిమ ప్రాంతములందలి గుఱ్ఱపు రౌతులు, తుపాకులు, దారిదోపిడులు కథావస్తువుగా తీసిన చలనచిత్రములను వెస్టర్న్ చిత్రములందురు. వానియందు వీరుడు సాధారణముగా తెల్లజాతివాడు. చైనీయుడు కనిపించినచో చాకలిగనో, వంటవాడుగనో కనిపించును. 2000 సంవత్సరమున టామ్ డే దర్శకత్వమున వెలువడిన ‘షాంఘై నూన్’ అను హాస్యచిత్రము ఈ వరుసను తారుమారు చేసెను.

కథాకాలము 1881. చైనా రాకుమారి పెయ్ పెయ్ మోసమునకు లోనై అమెరికా చేరి బందీ యగును. ఆమెను విడిపించుటకు బంగారముతో బయలుదేరినవారిలో చాన్ వాంగ్ అను రాజభటుడొకడు. ఈ పాత్రను జాకీ చాన్ ధరించెను. ఆ పేరు వడిగా పలికినచో, వెస్టర్న్ చిత్రములకు పేరుమోసిన జాన్ వేన్ పేరువలె వినబడును!

వాంగ్ ప్రయాణించు రైలును దోచవచ్చిన దొంగల నాయకుడు రాయ్. అతడు వాచాలుడు, కీర్తికాముకుడు. వాంగ్ మితభాషి, కర్తవ్యమే ప్రాణముగా నెంచువాడు. పిమ్మట అనుచరులే రాయ్‌ను మెడవఱకు ఇసుకలో పాతి పోవుదురు. ఆ దారిని వచ్చిన వాంగ్ అతనివలన త్రోవ తెలిసికొని, అతనిని బయటికి తీయక, చైనీయులు అన్నము తిను పుల్లలు రెండు అతని నోట పెట్టి పోవును. వానితో త్రవ్వుకొని రావలెనని భావము. ఇట్టివారికి చెలిమి కుదురుటే తక్కిన కథ.

జాకీ చాన్ బాల్యమున హాంగ్‌కాంగులోని నాటకపాఠశాలలో గారడి విద్యలు, యుద్ధవిద్యలు అభ్యసించెను. అందుచే చేతికందినదెల్ల అతనికి ఆయుధమే. ఈ చిత్రమున గుఱ్ఱపు లాడమును త్రాటికి కట్టి పోరాడును. కొట్టిన దెబ్బకన్న తప్పించుకొను తీరే నవ్వు పుట్టించును.

ఒక దృశ్యము మాత్రము నవ్వింపదు. కూలీలను బానిసలుగా వాడుకొను దుర్మార్గుడు వాంగ్ జడను కోసివేయును. ఆనాటి చైనాలో జడ లేని పురుషుడు రాజద్రోహిగా నెంచబడెడివాడు. అతనికి స్వదేశపు ద్వారములు మూసికొన్నట్లే.

చైనా కూలీల కష్టము వట్టి కల్పన కాదు. కాలిఫోర్నియానుండి తూర్పునకు సాగిన సెంట్రల్ పసిఫిక్ రైలుమార్గమును నిర్మించినవారిలో అధికులు వారే. సియెర్రా నెవాడా కొండలను మందుగుండుతో పగులగొట్టి సొరంగములు తొలిచిరి. 1867 లో తెల్లజాతి కూలీలతో సమానమైన వేతనము కోరి పని మానగా, కంపెనీ ఆహారము అందనీయక వారిని లొంగదీసెను. 1869 మే 10 న యూటాలో తూర్పు పడమటి మార్గములు కలిసినప్పుడు తీసిన ప్రసిద్ధ ఛాయాచిత్రమున వారి ముఖములు దాదాపు కానరావు. 1882 లో చైనా కూలీల రాకను నిషేధించు చట్టము పుట్టి, 1943 వఱకు నిలిచెను.

చిత్రాంతమున వాంగ్ రొమ్మున రక్షకాధికారి నక్షత్రము మెఱయును. రాకుమారి స్వదేశమునకు మరలక కూలీల చెంతనే నిలిచిపోవును.