గేటుకు తాళం: లాకౌటా, మూసివేతా?

ఈ జనవరిలో, గడ్డా జాతరకు ఇంకో వారం ఉందనగా, మా అమ్మ పొద్దున ఎనిమిదింటికి పనికి పోయి పావుగంటలో నాకు ఫోన్ చేసింది. "గేటుకు కులుపు ఏసి ఉన్నది బిడ్డా, నువ్వు జర రా" అంది. అమ్మ హోట్గి రోడ్డు వైపు ఒక టవళ్ల కార్ఖానాలో తొమ్మిదేళ్లుగా అంచులు కుడుతోంది. అక్కడ పనిచేసేది 23 మంది, అందులో 14 మంది ఆడవాళ్లు. నేను వెళ్లేసరికి అందరూ అన్నం డబ్బాలు పట్టుకొని గేటు ముందు నిలబడి ఉన్నారు. సాంచెల చప్పుడు లేదు. వాచ్‌మన్‌ని అడిగితే "నాకేం తెల్వదు, సేటునే అడుగుండ్రి" అన్నాడు. సేటు ఫోన్ ఎత్తలేదు. మూడు వారాల పగారు ఇంకా రావాల్సి ఉంది.

నన్ను ఎందుకు పిలిచిందంటే, మాది రెండు భాషల ఇల్లు. బాపమ్మతో తెలుగు, బయట మరాఠీ. అమ్మ రెండూ గడగడా మాట్లాడుతుంది కానీ రెండిట్లోనూ రాయలేదు. గేటు ముందున్న వాళ్లలో చాలామందిది అదే సంగతి. అందుకని ఆ రోజుల్లో అర్జీలు రాసే పని నా మీద పడింది. అందులో నేనొక పెద్ద తప్పు చేశాను. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తప్పే.

మనం లాకౌట్ అనేదాన్ని మరాఠీలో టాళేబందీ అంటారు. 2020లో కరోనా లాక్‌డౌన్‌కి కూడా మరాఠీ పేపర్లు ఈ మాటే వాడాయి కాబట్టి మన వయసు వాళ్లకి టాళేబందీ అంటే ఆన్‌లైన్ క్లాసులే గుర్తొస్తాయి. బాపమ్మకి మాత్రం మిల్లు గుర్తొస్తుంది. "పనోళ్లు ఆపితే సంపు, మాలక్ ఆపితే టాళేబందీ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. చట్టం చదివాక చూస్తే బాపమ్మ చెప్పింది దాదాపు సరిగ్గానే ఉంది.

చట్టం ప్రకారం లాకౌట్ మూడు రకాలుగా జరగొచ్చు. పనిచేసే చోటును తాత్కాలికంగా మూయడం ఒకటి, పనిని నిలిపేయడం రెండోది, ఉన్న పనివాళ్లకి ఇక పని ఇవ్వనని యజమాని నిరాకరించడం మూడోది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇలాగే ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఇదే నిర్వచనం. ఇందులో తాళం అనే మాటే లేదు, గమనించారా? గేటు బార్లా తెరిచి ఉన్నా, లోపలికి వచ్చినవాళ్లకి పని లేదు పొమ్మంటే అదీ లాకౌటే కావచ్చు. మా పక్కింటి అత్తమ్మ బీడీలు చేస్తుంది. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లని కూడా, 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1966 బీడీ కార్మికుల చట్టం కార్మికులుగానే లెక్కపెట్టేది. ఒకరోజు కార్ఖానాలో ఆకు, తంబాకు ఇవ్వకుండా అందరినీ తిప్పి పంపితే ఆమెకి ఏ తాళమూ కనపడదు, పని మాత్రం ఆగిపోతుంది.

అసలు మొదట చూడాల్సింది ఆ తాళం ఎవరిది అన్నది. అప్పు కట్టలేదని బ్యాంకు వేసిన సీలు ఉంటుంది, పన్ను బాకీకి మున్సిపాలిటీ వేసినది ఉంటుంది, అద్దె గొడవతో ఇంటి ఓనరు షట్టరుకు వేసిన తాళమూ ఉంటుంది. మనలో కొందరు సెలవుల్లో బట్టల దుకాణాల్లో, ట్యూషన్ ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. మీకూ ఇది పనికొస్తుంది. బ్యాంకు సీలైతే దాని పక్కన నోటీసు అంటించి ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు. ఓనరు తాళమైతే ఆ గొడవ అతనికీ దుకాణం వాళ్లకీ మధ్యది. ఎవరి తాళమైనా, మీరు అప్పటిదాకా చేసిన పనికి జీతం ఇవ్వాల్సింది మిమ్మల్ని పనిలో పెట్టుకున్నవాళ్లే. నెల జీతమైతే తర్వాతి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. మా గేటుకున్నది సేటు సొంత తాళమే. పాతదే, రోజూ రాత్రి వేసేదే.

అన్నలిద్దరు తాళం పగలగొడదాం అన్నారు. లోపల అమ్మ కత్తెర ఉంది, ఒకామె ఈఎస్ఐ కార్డు ఉంది, ఇంకొకామె చలికోటు ఉంది. కానీ తాళం పగిలిందంటే మాట పగారు మీద నుంచి దొంగతనం మీదికి మళ్లుతుంది. లోపల ఒక్క టవల్ కట్ట తక్కువైనా మన మీదే కేసు. ఆ సంగతి పాత మిల్లులో పనిచేసిన ఒక తాత చెప్పాడు. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు: "రోజూ టైముకు వచ్చి నిలబడుండ్రి, బుక్కుల సంతకం పెట్టుండ్రి." అప్పుడు నాకు అర్థం కాలేదు. మూసిన గేటు ముందు హాజరేంటి అనుకున్నాను. అయినా నా పాత నోటుబుక్కులో తేదీ వేసి, 23 మందివీ సంతకాలో వేలిముద్రలో తీసుకున్నాను. తాళం కనపడేట్టు, టైము తెలిసేట్టు రోజూ ఒక ఫోటో తీశాను.

ఆ బుక్కు విలువ తర్వాత తెలిసింది. కొత్త కోడ్‌లో, ఒకే రోజున సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని సెలవు పెడితే అది కూడా సమ్మె కిందికే వస్తుంది. నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం. చట్టవిరుద్ధమైన సమ్మె వల్ల వేసిన లాకౌట్ చట్టవిరుద్ధం కాదు. అంటే "వాళ్లే రాలేదు, అందుకే మూశాను" అని సేటు చెప్పి నిలబెట్టుకోగలిగితే తప్పంతా మావాళ్ల నెత్తినే పడేది. లేబర్ ఆఫీసులో అతని మునీమ్ సరిగ్గా ఆ మాటే అన్నాడు. నోటుబుక్కు బల్ల మీద పెట్టాం.

మూడో రోజు గేటు మీద ఒక కాగితం కనపడింది. మరాఠీలో ఒకే లైను: తదుపరి సూచన వచ్చేదాకా పని బంద్. తేదీ లేదు, సంతకం లేదు, ముద్ర లేదు. నేను ఆ రాత్రే లేబర్ కమిషనర్ ఆఫీసుకి అర్జీ రాశాను. మొదటి వాక్యమే "మా కార్ఖానా మూసేశారు, న్యాయం చేయండి" అని. బాగా రాశానని సంబరపడ్డాను కూడా.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగిని అది చదివి తలెత్తి, "మూసేశారా, టాళేబందీ చేశారా? మీకు పని కావాలా, లెక్క తేల్చుకుని పోవాలా?" అని అడిగింది. రెండూ ఒకటే కదా అన్నాను. కాదట.

మూసివేత అంటే వ్యాపారాన్నే ఆపేయడం. లాకౌట్ అంటే పనిచేసే చోటును మాత్రం మూయడం, వ్యాపారం అలాగే ఉంటుంది. సుప్రీంకోర్టు 1962లో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో ఈ తేడాను చాలా స్పష్టంగా చెప్పింది. లాకౌట్‌లో మన ఉద్యోగం పోదు, తాళం వెనక అలాగే ఉంటుంది. కాబట్టి "తెరవండి, పని ఇవ్వండి" అని అడగొచ్చు. ఆ లాకౌట్ చట్టవిరుద్ధమని తేలితే ఆ రోజుల జీతమూ అడగొచ్చు. మూసివేత అయితే ఉద్యోగం ముగిసినట్టే. ఏడాది పూర్తిగా పనిచేసినవాళ్లకి ఏడాదికి 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారం వస్తుంది. మా అమ్మ తొమ్మిదేళ్లకి 135 రోజుల పగారు. అంతే, తర్వాత ఇంటికి. నేను ఆ ఒక్క క్రియాపదంతో అమ్మ ఉద్యోగం పోయిందని సేటు కంటే ముందే ఒప్పేసుకున్నాను! అక్కడే బెంచీ మీద కూర్చుని కాగితం మళ్లీ రాశాను. ఆవక్ నంబరు వేయించుకుని, నకలు మీద ముద్ర కూడా కొట్టించుకున్నాం. అదే అర్జీని సేటుకు స్పీడ్ పోస్టులో పంపించి రశీదు దాచాం.

ఇదే షోలాపూర్‌లో గేటు మూయడం ఒకసారి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బాపమ్మ మామ పనిచేసిన జూనీ మిల్లు, అంటే షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ, 1949 జూలైలో పనివాళ్లకి నోటీసు ఇచ్చి ఆగస్టు 27న మిల్లు ఆపేసింది. అది మన దేశంలోని పెద్ద బట్టల మిల్లుల్లో ఒకటి. 1950 జనవరి 9న, గణతంత్రానికి 17 రోజుల ముందు, ప్రభుత్వం కేవలం ఈ ఒక్క కంపెనీ కోసమే ఆర్డినెన్సు తెచ్చి నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. నిత్యావసర సరుకు తయారీ దెబ్బతిన్నదనీ, ఒక వర్గం జనానికి తీవ్రమైన నిరుద్యోగం వచ్చిందనీ కారణం చెప్పింది. ఒక వాటాదారు ఒక్క కంపెనీకే చట్టమా అని కోర్టుకెళ్లాడు. 1950 డిసెంబర్‌లో ముగ్గురు జడ్జీలు ప్రభుత్వం వైపు, ఇద్దరు అతని వైపు నిలిచారు. 1953లో ఇంకో వాటాదారు వేసిన కేసులో పరిహారం ఇవ్వకుండా ఆస్తి లాక్కోవడమే ఇది అని కోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. 1955లో రాజ్యాంగానికి నాలుగో సవరణ రావడానికి దారితీసిన తీర్పుల్లో ఇదీ ఒకటి. రెండు కేసులూ వేసింది వాటాదారులే. గేటు బయట నిలబడ్డవాళ్లు ఆ ఆర్డినెన్సులో "ఒక వర్గం జనం" అన్న మాటలో మాత్రం ఉన్నారు.

మా సంగతికి వస్తే, నోటీసు అన్నదే అసలు పట్టు దొరికిన చోటు. మహారాష్ట్రలో 1971 నాటి కార్మిక సంఘాల గుర్తింపు, అనుచిత కార్మిక పద్ధతుల నివారణ చట్టం ప్రకారం లాకౌట్‌కి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త కోడ్ కూడా నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలంటుంది. తాళం పడ్డాక మూడో రోజు అంటించిన, తేదీ లేని కాగితం దేనికీ సరిపోదు. మా ఫోటోల్లో మొదటి రెండు రోజులూ గేటు ఖాళీగానే కనపడుతోంది.

ఈలోగా మునీమ్ ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "వచ్చి సంతకం పెట్టు, మూడు వారాల పగారు ఇప్పుడే ఇస్తా" అని. ఆ కాగితంలో, నా ఇష్టంతో పని మానేశాను, లెక్కంతా ముట్టింది అని ఉంది. చేసిన పనికి పగారు మనకి రావాల్సిందే, దానికి రాజీనామా అక్కర్లేదు. కానీ ఇంట్లో ఆపరేషన్ పెట్టుకుని ఉన్నవాళ్లకి ఈ మాట ఎలా చెప్తాం? ఇద్దరు వదినలు పోయి సంతకం పెట్టారు. వాళ్లని ఎవరూ ఏమీ అనలేదు, అమ్మ అననీయలేదు.

లేబర్ ఆఫీసులో రెండు బైఠకులు జరిగాయి. రెండోసారి సేటే వచ్చాడు. ఆర్డర్లు తగ్గాయన్నాడు, అబద్ధం కాకపోవచ్చు. పద్దెనిమిదో రోజు గేటు తెరిచారు, పగారు రెండు వాయిదాల్లో ఇస్తానని రాసిచ్చాడు. మూసి ఉన్న రోజుల జీతం సంగతి ఇంకా తేలలేదు. అమ్మ కత్తెర దాని చోట్లోనే ఉంది.

తిరిగి తీసుకున్నది 21 మందిని. ఆ ఇద్దరు వదినల అర్జీ ఇప్పుడు రాస్తున్నాను, సోమవారం ఇవ్వాలి. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "మేము సంతకం పెట్టాము" అని రాస్తే ఒక అర్థం, "మాతో సంతకం పెట్టించుకున్నారు" అంటే ఇంకొకటి. రెండోదే రాస్తున్నాను. మరాఠీలో దాన్ని ఎలా చెప్పాలో మరాఠీ మేడమ్‌ని రేపు అడగాలి.