నిప్పంటించుటకు ముందు
గుంటూరు మిరప యార్డులో ధర నచ్చని రైతు తన బస్తాలను కోల్డ్ స్టోరేజీకి తరలించి, మంచి రోజుకై వేచియుండును. రాకెట్టు కంపెనీ అధిపతికి ఆ వెసులుబాటు నిప్పంటించువరకే.

ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాదున స్కైరూట్ సంస్థను స్థాపించిరి. చందన దానికి ముఖ్య కార్యనిర్వహణాధికారి. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి లేచి, 89.5 కిలోమీటర్ల యెత్తునంది, సుమారు 5 నిమిషములలో సముద్రమున పడెను. మన దేశమున ప్రైవేటు సంస్థ నిర్మించిన రాకెట్టు నింగికెగయుట అదియే ప్రథమము.

దాని ఇంధనము ఘనపదార్థము. ద్రవమైనచో కవాటము మూసి మంట నాపవచ్చును. ఘనమునకు అట్టి వీలు లేదు, అంటుకొన్నచో తుదివరకు మండవలసినదే. కావున పరీక్షా ఫలితములన్నియు చూచి ‘కానిండు’ అనుట అధిపతి పని. ‘ఇప్పుడు వలదు’ అనుట అంతకన్న కష్టము: పెట్టుబడి పెట్టినవారు ఎదురుచూచుచుందురు, జీతములు నెలనెల ఇయ్యవలెను.