వనువాటు యాత్రికులకు ముప్పు ఎక్కడ పొంచి ఉంటుంది?

ఆస్ట్రేలియాకు ఈశాన్యాన, ఫిజీకి పడమటి దిక్కున ఎనభైకి పైగా దీవులతో విస్తరించిన వనువాటు దేశానికి బయలుదేరే యాత్రికులు సాధారణంగా భయపడేది సొరచేపలకు, అగ్నిపర్వతాలకు. వారిని నిజంగా మంచం పట్టించేవి మాత్రం ఎక్కువగా దోమకాటు, పళ్లెంలోని చేప, పాదానికి గీసుకున్న పగడపు ముక్క వంటి కంటికి ఆనని సంగతులే. న్యూ హెబ్రిడీస్ పేరుతో బ్రిటన్, ఫ్రాన్స్‌ల ఉమ్మడి పాలనలో ఉండి 1980 జులై 30న స్వతంత్రమైన ఈ దేశ జనాభా సుమారు 3 లక్షలు. చెప్పుకోదగిన ఆసుపత్రులు ఎఫాటే దీవిలోని రాజధాని పోర్ట్ విలాలోను, ఎస్పిరిటు శాంటో దీవిలోని లుగాన్‌విల్ పట్టణంలోను ఉన్నాయి. అంతకు మించిన చికిత్స అవసరమైన రోగిని న్యూ కలెడోనియాకో, దాదాపు 1,900 కిలోమీటర్ల దూరంలోని బ్రిస్బేన్‌కో విమానంలో తరలించవలసి వస్తుంది. ఆ ఖర్చు సామాన్య కుటుంబం భరించగలిగేది కాదు కనుక, తరలింపు ఖర్చును స్పష్టంగా చేర్చిన బీమా లేకుండా ఈ దేశానికి వెళ్లడం దుస్సాహసమే అవుతుంది.

పగడపు దిబ్బల చేపతో వచ్చే విషబాధ ఇక్కడ కొత్తది కాదు. 1774 జులైలో కెప్టెన్ జేమ్స్ కుక్ నౌక 'రిజల్యూషన్' మలకులా దీవి వద్ద ఆగినప్పుడు, అక్కడ గాలానికి చిక్కిన చేపలను తిన్న అధికారులు ఒళ్లంతా మంటతో, కీళ్లనొప్పులతో మంచాన పడి, కోలుకోవడానికి వారానికి పైగా తీసుకున్నారు. ఆ చేపల మిగులును తిన్న పందులు, కుక్కలు కూడా జబ్బుపడ్డాయి. సిగువాటెరా అని పిలిచే ఈ విషబాధకు మూలం చేపలో పుట్టినది కాదు. చనిపోయిన పగడాల మీద, సముద్రపు నాచు మీద పెరిగే గాంబియర్‌డిస్కస్ అనే ఏకకణ జీవి తయారుచేసే విషపదార్థాలు, నాచును మేసే చిన్న చేపలలోకి, వాటిని తినే పెద్ద చేపలలోకి అంచెలంచెలుగా చేరి, పోగుపడుతూ పోతాయి. అందువల్ల బారకూడా, మోరే ఈల్, పెద్ద గ్రూపర్, స్నాపర్ వంటి వేటాడే చేపలలో, ముఖ్యంగా వాటి తలలో, కాలేయంలో, జనలో ప్రమాదం అధికం. చేప తలకాయతో పులుసు పెట్టుకునే అలవాటున్నవారు ఈ ఒక్క దేశంలో ఆ అలవాటును పక్కన పెట్టడం మంచిది.

ఈ విషానికి రుచి లేదు, వాసన లేదు. ఉడికించినా, వేయించినా, మంచులో గడ్డకట్టించినా అది చెడదు. నాడీకణాల పైపొరలో సోడియం అయాన్లు ప్రవేశించే ద్వారాలను అది మూతపడనివ్వకపోవడం వల్ల నాడులు అకారణంగా ప్రేరేపితమవుతూ ఉంటాయి. తిన్న కొన్ని గంటలలోనే వాంతులు, విరేచనాలు మొదలై, ఆ తరువాత పెదవుల చుట్టూ తిమ్మిరి, ఒళ్లంతా దురద, నాడి మందగించడం కనిపిస్తాయి. చల్లని నీరు తాకితే చర్మం కాలినట్లు అనిపించడం ఈ జబ్బుకు ప్రత్యేకమైన గుర్తు. విరుగుడు మందు లేదు. కొందరిలో బాధ నెలల తరబడి ఉండి, మద్యం తాగినప్పుడో, మళ్లీ చేప తిన్నప్పుడో తిరగబెడుతుంది. ఒకే జాతి చేప ఒక దిబ్బ దగ్గర నిరపాయంగా, పక్క దిబ్బ దగ్గర విషపూరితంగా ఉండవచ్చు కాబట్టి, ఏ తీరపు చేపను తినకూడదో ఆ ఊరి జాలరులు చెప్పే మాటను పెడచెవిన పెట్టకూడదు. నడిసముద్రంలో తిరిగే ట్యూనాకు ఈ బెడద తక్కువే కాని, పట్టిన వెంటనే మంచులో ఉంచని ట్యూనా వేరొక రకం విషబాధ కలిగిస్తుంది.

వేడికి చెడని సిగువాటెరా విషానికి సరిగ్గా విరుద్ధమైన స్వభావం రాతిచేప విషానిది. లోతు తక్కువ నీటిలో రాయిలా కదలక పడి ఉండే ఈ చేపను తొక్కితే వీపు ముళ్లు పాదంలోకి విషాన్ని దింపుతాయి. ఆ విషం ప్రొటీన్ కనుక వేడికి నిర్మాణం చెదిరి నిర్వీర్యమవుతుంది. గాయపడిన పాదాన్ని సుమారు 45 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ముంచి ఉంచడం అందుకే ప్రథమ చికిత్స అయింది. నొప్పితో విలవిలలాడే మనిషికి వేడి తెలియక చర్మం కాలే అవకాశం ఉంది కాబట్టి, ఆ నీటి వేడిని ముందుగా మరొకరు చేతితో పరీక్షించాలి. దృఢమైన అడుగుభాగం ఉన్న చెప్పులతో నీటిలో దిగితే ఈ ముల్లు బాధే కాదు, పగడపు గీతలు కూడా చాలావరకు తప్పుతాయి. పగడం గీసిన చోట సన్నని తునకలు, సూక్ష్మజీవులు మిగిలిపోయి పుండు మానకుండా వేధిస్తుంది కనుక, గీత ఎంత చిన్నదైనా మంచినీటితో బాగా రుద్ది కడిగి యాంటీసెప్టిక్ పూయాలి.

శాంటో తీరంలో 1942 అక్టోబరు 26న తన పక్షపు మందుపాతరలే తగిలి మునిగిన అమెరికన్ నౌక 'ప్రెసిడెంట్ కూలిడ్జ్' సుమారు 20 మీటర్ల లోతు నుంచి 70 మీటర్ల వరకు పరుచుకొని ఉండి, డైవింగ్ చేసేవారిని ఆకర్షిస్తుంది. నీటి ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్, విమానంలో గాలి పీడనం తగ్గినప్పుడు బుడగలుగా విడివడే ప్రమాదం ఉండడంతో, చివరి డైవింగ్‌కు, విమానానికి మధ్య 18 నుంచి 24 గంటల విరామం పాటించడం తప్పనిసరి.

భూమి కూడా ఇక్కడ స్థిరంగా ఉండదు. ఆస్ట్రేలియా ఫలకం ఈ దీవుల కిందికి దూరుతూ ఉండడమే భూకంపాలకు, అగ్నిపర్వతాలకు కారణం. 2024 డిసెంబరు 17న 7.3 తీవ్రతతో వచ్చిన భూకంపం పోర్ట్ విలాలో భవనాలను కూల్చింది. ఇంత దగ్గరలో పుట్టే సునామీ నిమిషాలలో తీరం చేరగలదు కనుక, నిలదొక్కుకోలేనంత గట్టిగా లేదా చాలాసేపు నేల కదిలితే హెచ్చరిక కోసం ఎదురుచూడక వెంటనే ఎత్తైన ప్రదేశానికి నడవాలి. టాన్నా దీవిలోని యాసుర్ అగ్నిపర్వతం అంచు వరకు సందర్శకులు వెళ్లగలరు; 0 నుంచి 5 వరకు ఉండే హెచ్చరిక స్థాయిని వాతావరణ శాఖ ప్రకటిస్తుంది, ఉబ్బసం ఉన్నవారు స్థాయితో నిమిత్తం లేకుండా గంధకపు వాయువులకు దూరంగా ఉండాలి. అగ్నిపర్వతం వెదజల్లే బూడిద వాననీటి తొట్లలో ఫ్లోరైడ్‌ను పెంచుతుంది. నల్లగొండ జిల్లా గ్రామాల అనుభవం ఎరిగిన తెలుగువారికి ఆ మాట ఆందోళన కలిగించవచ్చు కాని, ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగిన నీటితో వచ్చేది, వారం రోజుల అతిథికి వచ్చేది కాదు. తుఫానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు.

ఇక దోమ. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన తరువాత, అనాఫిలిస్ దోమ లేని చోట మలేరియా వ్యాపించదన్నది క్రమంగా స్థిరపడింది. పసిఫిక్‌లో ఈ దోమ 170 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని దాటలేదు. శాస్త్రవేత్త పాట్రిక్ బక్స్టన్ పేరు మీద పిలిచే ఈ హద్దుకు అవతల ఫిజీ, సమోవా, టోంగాలు మలేరియా లేకుండా ఉండగా, ఇవతలే వనువాటు ఉంది. దేశం లోపల కూడా తేడా ఉంది: దక్షిణపు కొసన ఉన్న అనెయిట్యుమ్ దీవిలో 1991లో ప్రజలందరికీ తొమ్మిది వారాలు మందులిచ్చి, మందు పట్టించిన దోమతెరలు పంచి మలేరియాను తొలగించగా, బెడద ఉత్తరాది దీవులలోనే ఎక్కువగా మిగిలింది. 'పసిఫిక్ యాత్ర' అంటూ అన్ని దేశాలకు ఒకే సలహా ఇవ్వడం ఎంత తప్పో దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడి వాహకమైన అనాఫిలిస్ ఫరౌటి చీకటి పడిన తొలి గంటల్లోనే, ఆరుబయట కూడా కుడుతుంది. అప్పటికి ఎవరూ దోమతెరలో ఉండరు. అందువల్ల పొద్దు వాలకముందే పొడుగు చేతుల దుస్తులు, దోమలను దూరంగా ఉంచే డీట్ కలిసిన పూత అవసరం. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి ఆ పూత పగలూ ఉండాలి. మలేరియా నివారణకు వాడే మందులలో క్లోరోక్విన్ ఇక్కడ నమ్మదగినది కాదు. వైద్యుని సలహాతో వాడే డాక్సీసైక్లిన్‌ను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక నాలుగు వారాల పాటు కొనసాగించాలి. ఆ మందు చర్మాన్ని ఎండకు త్వరగా కమిలేలా చేస్తుందన్నది సముద్రతీరానికి వెళ్లేవారు మరువరాదు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా ఒక మార్గం తెరిచే ఉంటుంది. ఈ దేశంలో ప్రబలంగా ఉన్న వైవాక్స్ రకం పరాన్నజీవి కాలేయంలో నిద్రాణ రూపంలో దాగగలదు, డాక్సీసైక్లిన్ ఆ రూపాన్ని తాకదు. యాత్ర ముగిసిన నెలల తరువాత, సొంత ఊరిలో, జ్వరంగా బయటపడుతుంది. ఆ జ్వరాన్ని చూసే వైద్యునికి రోగి తన ప్రయాణం గురించి చెప్పకపోతే రక్తపరీక్ష ఆలస్యమవుతుంది. నిద్రాణ రూపాన్ని చంపే ప్రైమాక్విన్‌ను, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి కనుక, ఆ ఎంజైమ్ పరీక్ష చేసిన తరువాతే వైద్యులు ఆ మందును మొదలుపెడతారు.