మీకు తెలుసా? టమాటాకు బంతి కాపలా

హైదరాబాద్‌లో సుల్తాన్ బజార్ పక్కనున్న జాంబాగ్ పూల మార్కెట్‌లో దండలకెక్కే బంతి, చేలో నాటితే టమాటా కాయను పురుగు నుంచి కాపాడుతుంది.

కాయతొలుచు పురుగు తాలూకు తల్లి రెక్కలపురుగుకు టమాటా కన్నా బంతి మొగ్గలంటేనే మోజు. గుడ్లు అక్కడే పెడుతుంది. గసగసం కన్నా చిన్నవి, లేత పసుపు రంగువి, ఒక్కొక్కటిగా. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన లెక్క 16 వరుసల టమాటాకు 1 వరుస బంతి. కిటుకంతా నారు వయసులో ఉంది: టమాటాది 25 రోజులైతే బంతిది 40 రోజులు దాటాలి. అప్పుడే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. అలాగని బంతిని నాటి మరిచిపోతే పురుగును మేపినట్టే. మొగ్గల్లోవి ఏరేస్తూ ఉండాలి.

టమాటా మీదైతే దీని ఆనవాలు ఇట్టే తెలుస్తుంది. తల కాయలో, సగం ఒళ్లు బయట!

కంది, శనగ, పత్తి రైతులకు ఇది పాత శత్రువే, పేరు శనగపచ్చ పురుగు.